రెండో అద్దం

డ్రైవింగ్ స్కూలు కారులో కొన్ని రెండేసి ఉంటాయి. బ్రేకులు రెండు, క్లచ్‌లు రెండు, వెనక వచ్చే బళ్లు చూసుకునే అద్దాలు రెండు. ఒక జత నేర్చుకునేవాళ్లకి, ఒక జత పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్లకి. యాక్సిలరేటర్ మాత్రం ఒక్కటే, అది నేర్చుకునేవాళ్ల కాలి కిందే ఉంటుంది. పక్క సీట్లో మనిషి కారుని ఆపగలదు గానీ తనంతట తాను జానెడు ముందుకు కదిలించలేదు.

"మీ నాన్న పోతూ పోతూ బ్రేకు నాకిచ్చి యాక్సిలరేటర్ పట్టుకుపోయాడే" అనేది ఆ స్కూలు నడిపే ఆవిడ కూతురితో, మనసు బాగున్న రోజుల్లో. బాగాలేని రోజుల్లో ఆయన ఊసే ఎత్తేది కాదు.

స్కూలు పెట్టింది ఆయనే. పెళ్లయిన కొత్తలో భార్యకి డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ కారులోనే. కూతురు ఏడో తరగతికి వచ్చేసరికి ఆయనకి ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు ఏర్పడింది. మొదట్లో ఇక్కడినుంచి అక్కడికి వెళ్లొచ్చేవాడు, తర్వాత అక్కడినుంచి ఇక్కడికి వచ్చి వెళ్లేవాడు, ఆ తర్వాత ఫోను. కారూ, కారు నెత్తిన బోర్డూ, బోర్డు మీద ఆయన పేరూ మిగిలాయి. ఒక మధ్యాహ్నం తల్లి కుర్చీ ఎక్కి ఆ పేరు మీద తెల్లరంగు పూసింది. ఆ రంగు ఇచ్చిన రంగుల షాపాయన, "చెల్లెమ్మా, రెండు పూతలు వెయ్యి, ఒక పూతకి లొంగదు" అని చెప్పాడు. ఆవిడకి అంత ఓపిక లేకపోయింది. ఎండపొడలో చూస్తే ఆ అక్షరాల గట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

పక్క సీట్లోకి మారాక ఆవిడ పేరే మారిపోయింది. నేర్చుకునేవాళ్లు గోడ మీదికి పోనీ, కుక్క మీదికి పోనీ, ఆవిడ అరవదు. కాలు నొక్కుతుంది, కారు ఠక్కున ఆగుతుంది. అప్పుడు తాపీగా, "ఇప్పుడు చెప్పమ్మా, ఎటు చూస్తున్నావు?" అని అడుగుతుంది. వీధి వీధంతా బ్రేకులమ్మ అనేవాళ్లు. మొదట చాటుగా అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనేశారు. ఆ కాలికి కింద కారుందో లేదో కూడా తెలీకుండా పోయింది. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు తెర మీద ఏ లారీయో దూసుకొస్తే కుడికాలు గచ్చుని నొక్కేది. కూతురు మెట్లు గబగబా దిగుతుంటే నొక్కేది. ఫోనులో భర్త గొంతు వినిపించినా నొక్కేదని ఆ పిల్ల ఒకసారి గమనించింది.

కాలేజీలో ఆ పిల్లకి చిన్న బ్రేకు అని పేరొచ్చింది. ఆ పేరంటే ఒళ్లు మంట. అసలే ముక్కు మీద కోపం మనిషి, పైగా కళ్లజోడు మనిషి. కోపం వచ్చినప్పుడల్లా జోడు తీసి పట్టుకునేది, ఎదుటివాళ్ల మొహం మసకగా ఉంటే తిట్టడం తేలికని.

పొద్దున్నే కారు తుడిచే పని ఆ పిల్లది. తుడిచే ముందు డ్రైవరు సీటులో కూర్చుని, సీటు ఎంత ముందుకుందో, అద్దం ఎంత కిందికుందో చూసి, ముందురోజు సాయంత్రం ఆఖరి క్లాసు ఎవరిదో చెప్పేసేది. సీటు స్టీరింగుకి అతుక్కుపోయి ఉంటే పొట్టి టీచరమ్మ. వీపు నిటారుగా ఉంటే భయస్తులు. ఇది తల్లి నేర్పిన విద్యే. ఆ కారుని ఎవరు నడిపినా దిగేముందు సీటూ అద్దమూ తల్లి కొలతకి తెచ్చి దిగాలని నియమం. మర్చిపోయినవాళ్లు మర్నాడు పట్టుబడేవాళ్లు. తల్లి పక్క సీటుకి ఎదురుగా అతికించి ఉన్న రెండో అద్దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. అది బ్రేకులమ్మ కన్ను.

ఇంకో నియమం కూడా ఉండేది. ఆ కారులో రోడ్డు గురించి తప్ప వేరే మాట ఉండకూడదు. మొగుడు వదిలేసి వెళ్లిన ఆడమనిషి పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్లతో ఊరంతా తిరుగుతోందని మొదట్లో నాలుగు నోళ్లు నాలుగు మాటలూ అన్నాయి. ఆవిడ కిటికీ అద్దాలు దించి, వెన్ను వాల్చకుండా కూర్చుని, చీకటి పడ్డాక మగవాళ్లకి క్లాసు లేదని చెప్పి, ఏళ్ల తరబడి ఆ నోళ్లు మూయించుకుంటూ వచ్చింది. చివరికి అదే నోళ్లు, "ఆడమనిషి నేర్పుతుంది, నమ్మి పంపొచ్చు" అని తమ ఆడపిల్లల్ని పంపాయి. వాళ్లింట్లో ఉడికే అన్నం ఆ మాట మీదే ఉడుకుతోంది. ఆ సంగతి కూతురికి తెలుసు. తెలుసు కాబట్టే తర్వాత జరిగినదాన్ని అంత తేలిగ్గా మింగలేకపోయింది.

రంగుల షాపు వాళ్లబ్బాయి ఆ పిల్ల క్లాసే. అందరికంటే పొడుగు, నిచ్చెన అనేవాళ్లు. షాపులో పై అరలోని డబ్బాలు దించడానికి వాళ్ల నాన్నకి నిజంగానే నిచ్చెన అవసరం లేకుండా పోయింది. మనిషి దగ్గరికొస్తే టర్పెంటైన్ వాసన. గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు.

"నిన్న ఎవరింటికో నీలం వేశారు" అనేది ఆ పిల్ల గోళ్లు చూసి.

"ఇంటికి కాదు, బ్యాంకుకి. నువ్వు ఫెయిల్" అనేవాడు.

రోజుకో రంగు చొప్పున ఈ పరీక్ష చాలాకాలం నడిచింది. అందులో ప్రేమ అన్న మాట ఎక్కడా రాలేదు. అతని చేతులు ఏ రంగులో ఉంటాయోనని ఆలోచిస్తూ నిద్రలేవడం మాత్రం ఆ పిల్లకి అలవాటైపోయింది.

అతనికి డ్రైవింగ్ నేర్చుకోవాలని ఆశ. సరుకు చేరవేసే వ్యాను షాపు ముందే ఉండేది. "ముందు డబ్బా మూత సరిగ్గా పెట్టడం నేర్చుకో, తర్వాత స్టీరింగు పట్టుకుందువుగాని" అనేవాడు తండ్రి. ఆ మాట విన్న చిన్న బ్రేకుకి అతని తరఫున కోపం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, తల్లి పడుకున్నాక, కారు తాళం తీసుకుంది. తనకి లైసెన్సు ఇంకా రాలేదు, నేర్చుకుంటోంది, అయినా మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలం దాకా తనే నడుపుకుంటూ వెళ్లింది. అతను అక్కడ నిలబడి ఉన్నాడు. ఆ రోజు గోళ్లు పచ్చగా ఉన్నాయి.

అతన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, సీటు చివరిదాకా వెనక్కి జరిపి, తుడవడానికి కాకుండా నేర్పడానికి తను మొదటిసారి తల్లి సీట్లో కూర్చుంది. కాలి కింద తల్లి బ్రేకు.

"బ్రేకు నీ దగ్గరా ఉందిగా?" అన్నాడు అతను.

"ఉంది."

"కాలు తియ్యకు."

"తియ్యను."

కారు దగ్గి ఆగింది. మళ్లీ దగ్గి మళ్లీ ఆగింది. అతని మొహం ఎలా ఉందో చూడాలనిపించింది గానీ, తల తిప్పి చూస్తే అతనికి తెలిసిపోతుంది. అందుకని రెండో అద్దాన్ని మెల్లగా అటు తిప్పింది. కింది పెదవిని పళ్ల మధ్య బిగబట్టి, యుద్ధానికి వెళ్తున్నట్టు ఉన్నాడు. చూస్తుండగానే అతని కళ్లు అద్దంలోకి వచ్చాయి.

"రోడ్డు చూడు" అంది ఆ పిల్ల. నోట్లోంచి వచ్చింది అచ్చం తల్లి గొంతు. ఇద్దరూ పగలబడి నవ్వారు, కారు మళ్లీ ఆగిపోయింది. జరిగింది అంతే. గేరు మీద అతని చెయ్యి ఉన్నంతసేపూ ఆ పిల్ల తన చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ఇంటికొచ్చాక సీటు తల్లి కొలతకి జరిపింది. అద్దం దించింది. స్టీరింగు మీద పచ్చరంగు వేలిముద్ర తుడిచింది. ఎవరూ ముట్టుకోని రెండో అద్దాన్ని తను ముట్టుకున్న సంగతి మర్చిపోయింది.

మర్నాడు మొదటి క్లాసులోనే తల్లి వెనక రోడ్డు కోసం అద్దంలోకి చూస్తే నేర్చుకునే అమ్మాయి చెవి జూకా కనిపించింది. సాయంత్రందాకా ఏమీ అనలేదు. సాయంత్రం కూతుర్ని కారు దగ్గరికి పిలిచి అద్దం చూపించింది. "ఈ అద్దం రోడ్డు చూడ్డానికి. మొహాలు చూడ్డానికి కాదు. ఎవరి మొహం?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. తాళం తనే తీశానని, అతన్ని తనే రమ్మన్నానని, ఏమీ జరగలేదని, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తల్లి అంతా విని ఒక్కటే అడిగింది, "ఎవరైనా చూశారా?" అని.

చూశారు. నెత్తిన బోర్డు ఉన్న కారు దాగదు కదా. ఆ రాత్రే ఎవరో అమ్మాయి తల్లి ఫోను చేసి, ఆదివారాలు మగపిల్లలకి కూడా మొదలుపెట్టారా, మిల్లు వెనక చూశాం అని తీయగా అడిగింది. మర్నాడు పొద్దున్నే బ్రేకులమ్మ రంగుల షాపుకి వెళ్లింది. జనం నిండుగా ఉన్న వేళ చూసుకుని మరీ వెళ్లి, మీవాడు మా ఇంట్లోంచి తాళం కాజేసి నా కారు ఎత్తుకెళ్లాడని, నా కూతురికి ఏ పాపమూ తెలీదని, అందరికీ వినపడేలా చెప్పి వచ్చింది. షాపాయన మారు మాట్లాడలేదట. కొడుకుని కౌంటరు ముందు నిలబెట్టి చెంప పగలగొట్టాడట.

ఈ సంగతి ఆ పిల్లకి కాలేజీలో తెలిసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నిచ్చెన అప్పటికే బెంచీ మారిపోయాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, గోళ్లు కనపడకుండా. ఆ పిల్ల ఎదురుగా వస్తుంటే వేరే గేటు వైపు తిరిగిపోయాడు. ఎవడో వెనకనుంచి "దొంగ డ్రైవరు" అన్నాడు. నలుగురు నవ్వారు.

ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టి, వాడు దొంగతనం చేశాడని ఎందుకు చెప్పావని తల్లిని అడిగింది. తల్లి చపాతీ పిండి కలుపుతూ, చెయ్యి ఆపకుండా, "నీ పేరు బయటికి రాకుండా చూశాను" అంది.

"మరి వాడి పేరు?"

"మగపిల్లాడి పేరుకేం. వానొస్తే మచ్చ కడుక్కుపోతుంది."

వెళ్లి నిజం చెప్పి రమ్మంది కూతురు. తల్లి వెళ్లనంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలు బ్రేకులు పడుతూ నడిచాయి. తిన్నావా అంటే ఊ. పడుకో అంటే ఊ. రోజూ ఒక్కసారి మాత్రం ఆ పిల్ల అదే మాట అడిగేది, నిజం చెప్పి వస్తావా లేదా అని. తల్లి ఏదో ఒక పని వెతుక్కునేది. అంతటితో ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటే బుద్ధి గడ్డి తింటుందని, కూతుర్ని ఊరవతల కోచింగు క్లాసులో చేర్పించింది. ఆ పిల్ల ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, లెక్కలు చేస్తున్నట్టు నటిస్తూ, పుస్తకం అంచుని పెన్నుతో పొడుస్తూ కూర్చునేది.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున కారు తుడవడానికి వెళ్లింది. డ్రైవరు సీటు తల్లి కొలతలోనే ఉంది. అద్దం సరిగ్గానే ఉంది. అలవాటు కొద్దీ పక్క సీట్లోకి జరిగి డాష్‌బోర్డు తుడవబోతూ తలెత్తితే, రెండో అద్దంలో రోడ్డు లేదు. డ్రైవరు సీటు తల భాగం ఉంది. ఎవరైనా కూర్చుని ఉంటే, సరిగ్గా మొహం ఉండే చోటు.

ఆ పిల్ల గుడ్డ పక్కన పెట్టి దగ్గరగా చూసింది. తర్వాత ఇంకోటి కూడా కనిపించింది. అద్దాలు రెండూ తళతళలాడుతున్నాయి. వాళ్లింట్లో అద్దాలు తుడిచేది పాత పేపరుతో. చారలు చారలుగా, మూలల్లో నూగు మిగిలేలా. ఇప్పుడు ఒక్క చార లేదు, మూలల్లో మట్టి లేదు. అద్దం కనిపిస్తే తుడవకుండా ఉండలేని మనిషి వాళ్లెరిగినవాళ్లలో ఒక్కడే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర కళ్లద్దాల షాపాయన.

భార్య పోయిన మనిషి. వాళ్ల కారులోనే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. టెస్టులో తప్పినప్పుడు, "అక్షరాలు చదవమంటే చివరి వరస దాకా చదువుతాను మేడమ్, గేరు వెయ్యమంటేనే చూపు ఆనదు" అన్నాడు. తర్వాత పాసయ్యాడు, లైసెన్సూ వచ్చింది. ఆయనకి ఇక ఆ కారుతో పనిలేదు. చిన్న బ్రేకు కళ్లజోడు ఎప్పుడు వదులైనా ఆయనే మర బిగించేవాడు. "ఫ్రేము చెవులమాట వినాలమ్మాయ్, చెవులు ఫ్రేముమాట కాదు" అనేవాడు. ఆ పిల్లకి ఆయనంటే ఇష్టమే. అందుకే కడుపు ఇంకా మండింది. పరాయివాడయితే ఒక్క తల్లి మీదే కోపం సరిపోయేది.

లోపలికి వెళ్లి, నిన్న ఏమైనా క్లాసుందా అని మామూలుగా అడిగింది. తల్లి జడ వేసుకుంటోంది. "ఆదివారం క్లాసులేంటే?" అంది. ఆ పిల్ల జోడు తీసి, తల్లి మొహాన్ని మసకగా చూసి, మళ్లీ పెట్టుకుని కాలేజీకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ పిల్ల డ్రైవింగ్ క్లాసు. రోజూ మిల్లు వైపు వెళ్లి తిరిగొస్తారు. ఆ రోజు మిల్లు మలుపు దగ్గర చిన్న బ్రేకు తిప్పలేదు. నేరుగా బజారు వైపు పోనిచ్చింది.

"మలుపు దాటేశావు" అంది తల్లి.

"తెలుసు."

బజారు మొదట్లో పాత ఇనుము బళ్ల వరస, దాని తర్వాత ఎడమ చేతి సందులో రంగుల షాపు. కూతురు ఎడమ వైపు సిగ్నలు వేసింది. తల్లికి అర్థమైంది. కుడికాలు నొక్కింది. నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు.

"కాలు తియ్యి" అంది కూతురు.

"ఇంటికి తిప్పు."

"నిన్న ఈ సీట్లో ఎవరు కూర్చున్నారమ్మా?"

ఆ పిల్ల చెయ్యి చాచి రెండో అద్దాన్ని పొద్దున తను చూసిన తీరుకి తిప్పింది. ఇప్పుడు అందులో తన మొహమే ఉంది, ఎర్రగా.

"ఈ అద్దం రోడ్డు చూడ్డానికన్నావు. మొహాలు చూడ్డానికి కాదన్నావు. సీటు జరిపావు, అద్దం దించావు, అన్నీ సర్దావు. నేను ఏది మర్చిపోయానో అదే మర్చిపోయావు. ఆయన తుడిచిపెట్టి మరీ పోయాడు, నాకు బాగా కనపడాలని."

వెనక ఆటోవాడు పక్కనుంచి దూరి వెళ్తూ, "బ్రేకులమ్మా, ఇల్లు ఇక్కడే కట్టుకున్నావా?" అన్నాడు. తల్లి అటు చూడలేదు.

"పెళ్లి చేసుకుందామంటున్నాడు" అంది మెల్లగా. "నీ పరీక్షలయ్యాక చెబుదామనుకున్నా."

"ఏ పరీక్షలు? కళ్ల పరీక్షలా?"

"వెటకారం ఆపు. వీధిలో తెలిస్తే ఏమంటారో నీకు తెలీదు. మీ నాన్న వెళ్లిన రోజుల్లో నువ్వు చిన్నదానివి. ఎన్నేసి మాటలన్నారో..."

"నాకు తెలుసు. అందుకే వాణ్ని దొంగని చేశావు. నన్ను ఆదివారాలు ఊరవతలకి తోలావు, నా బుద్ధి బాగుపడ్డానికి అనుకున్నా." ఆ పిల్ల అద్దం మీద వేలితో కొట్టింది. "గురివింద గింజకి అద్దం లేదు, తన నలుపు తనకి తెలీదంటే అర్థముంది. నీకు రెండున్నాయి కదమ్మా."

హారన్లు ఆగలేదు. తల్లి ముందుకి చూస్తూ కూర్చుంది. ఆ కాలు బ్రేకు మీదే ఉంది.

"నాకు భయమేసిందే" అంది చివరికి.

"నీకు భయమేస్తే దెబ్బ వాడికి తగలాలా? కాలు తియ్యి."

అప్పుడు తల్లి చెప్పులు విడిచింది. రెండు కాళ్లూ పైకి లాక్కుని, సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కారులో ఆవిడ అలా కూర్చోవడం ఎవరూ చూడలేదు. కాళ్లకింద ఇప్పుడు ఏమీ లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "పోనియ్" అంది.

పోనివ్వడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. పక్కన ఇంకో బ్రేకు ఉందన్న ధైర్యం ఎప్పుడూ ఉండేది, అది ఉందని కూడా తెలీనంతగా. ఇనుము బండివాడు అడ్డంగా నెట్టుకొచ్చాడు. ఆ పిల్ల తనే నొక్కింది. కొంచెం గట్టిగా నొక్కింది, తల్లి తల ముందుకి ఊగింది, అయినా ఏమీ అనలేదు. సందు తిరిగి, వ్యాను వెనక ఆపి, హ్యాండ్‌బ్రేకు రెండుసార్లు లాగి చూసుకుంది.

షాపులో సున్నాల మేస్త్రి ఒకాయన, గుమ్మాలకి రంగు ఏరుకుంటున్న భార్యాభర్తలు, కౌంటరు వెనక షాపాయన. నిచ్చెన లోపల మూలన రంగు కలిపే మెషిను దగ్గర నిలబడి ఉన్నాడు. డబ్బా గడగడా ఊగుతోంది. తల్లి వట్టికాళ్లతోనే కౌంటరు దాకా నడిచింది. కూతురు గుమ్మంలోనే ఆగింది.

"అన్నయ్యా, ఒక మాట" అంది తల్లి. తర్వాత గొంతు పెంచింది, ఆ రోజు పెంచినంత. "మీవాడు నా కారు ఎత్తుకెళ్లలేదు. తాళం మా అమ్మాయే తీసింది, వాణ్ని అదే రమ్మంది. నేనిక్కడికొచ్చి అనడానికి ముందురోజే అది నాకు చెప్పింది."

షాపాయన చేతిలో రంగుల కార్డు పక్కన పెట్టాడు. "తెలిసే అన్నావా చెల్లెమ్మా?"

"తెలిసే అన్నాను."

మెషిను ఆగిపోయింది. షాపులో ఉన్నవాళ్లు రంగులు చూడడం మానేశారు.

"ఇదిగో, ఇక్కడే నిలబెట్టి కొట్టాను వాణ్ని" అన్నాడు ఆయన, కౌంటరు ముందు నేలని చూపిస్తూ. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆ పిల్లకి. "నువ్వు చెప్పావని కొట్టాను. ఇంకెవరు చెప్పినా అడిగి కొట్టేవాణ్ని. ఇప్పుడొచ్చి చెప్తే ఆ దెబ్బ నా చేతిలోకి తిరిగొస్తుందా? ఆ రోజున్నవాళ్లు వేరు, ఈ రోజున్నవాళ్లు వేరు. బోర్డుకి రెండు పూతలు వెయ్యమంటే కూడా ఒక్కటే వేశావు నువ్వు."

"వాళ్లెవరో చెప్పండి. వాళ్లిళ్లకీ వెళ్లి చెప్తాను" అంది తల్లి.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెడుతూ చెప్పడం మొదలుపెట్టాడు. పైవీధి వడ్రంగి, మందుల షాపావిడ, తన బావమరిది. తల్లి ఒక్కొక్కరికీ తల ఊపింది.

నిచ్చెన డబ్బా దించి, మూత తీసి, పుల్లతో రంగు కలుపుతున్నాడు. గుమ్మం వైపు చూడడం లేదు. ఆ పిల్ల లోపలికి నడిచింది. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఉన్నాయి, అమ్మ చేత చెప్పించానని, ఇక ఎవడూ ఏమీ అనడని. అతని దగ్గరికి వెళ్లేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"విన్నావుగా" అంది.

"విన్నాను." పుల్ల అంచుకి కొట్టి రంగు దులిపాడు. "మీ అమ్మ సంగతి సరే. ఆ రోజు నువ్వు రాలేదేం?"

ఆ పిల్ల ఎంతసేపూ అమ్మ వెళ్లి చెప్పాలి, అమ్మే చెప్పాలి అనుకుందే తప్ప, తనకీ కాళ్లున్నాయని, ఆ షాపు కాలేజీ దారిలోనే ఉందని తోచనేలేదు. తోచిందేమో, తోచనిచ్చుకోలేదేమో. అతని గోళ్లు బూడిదరంగులో ఉన్నాయి. ఎవరింటికని అడగబోయి ఆగిపోయింది. ఆ చూపు కనిపెట్టి అతను చెయ్యి డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

"మూత సరిగ్గా పెట్టరా" అని అరిచాడు తండ్రి కౌంటరు దగ్గర్నుంచి. అతను మూత పెట్టి, చుట్టూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు.

బయటికొచ్చి ఇద్దరూ కారెక్కారు. కూతురు స్టీరింగు పట్టుకుని కూర్చుంది, తాళం తిప్పలేదు. అమ్మ మీది కోపం అలాగే ఉంది. దాని పక్కన ఇంకో కోపం వచ్చి కూర్చుంది, అది ఎవరి మీదో తెలిసే, అటు చూడడం లేదు.

తల్లి చెయ్యి అలవాటుగా రెండో అద్దం మీదికి వెళ్లింది. రోడ్డు కనపడేలా తిప్పింది. "ఇప్పుడు పైవీధికి పోనియ్" అంది. "వడ్రంగి ఆరింటికల్లా కొట్టు కట్టేస్తాడు."

"ఆదివారం కళ్లద్దాలాయన్ని ఇంటికి రమ్మను" అంది కూతురు.

తల్లి తల తిప్పింది. "నీకు ఇష్టమేనా?"

"ఇష్టమని ఎవరన్నారు? వీధి గుమ్మంలోంచి రమ్మన్నాను. అందరూ చూసేటట్టు. కారెక్కితే మాత్రం వెనక సీట్లో కూర్చోవాలి."

చెప్పులు కింద అలాగే ఉన్నాయి, ఆవిడ మళ్లీ కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుంది. కూతురు తాళం తిప్పి, వ్యానుని తప్పించుకుంటూ కారుని సందులోంచి బయటికి తీసింది. రోడ్డు మొదట్లో బస్సు ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది. ఆ పిల్ల సమయానికే నొక్కింది. ఓరకంట చూస్తే, మడిచిన మోకాలి కింద తల్లి కాలి బొటనవేలు సీటు గుడ్డని గట్టిగా నొక్కుతోంది.

ఇంకే రోజయినా నవ్వొచ్చేది. ఆ పిల్ల గేరు మార్చి పైవీధి వైపు తిప్పింది.